పదిహేడో నంబరు పొట్టేలు

ఐలేశం పొట్టేలును ఎవరో ఎత్తుకుపోయారు. ఆ ఎవరో నరేషేనని, పొద్దున ఐలేశం ఫోన్ పెట్టేసేలోపే నిహారిక తేల్చేసింది.

నరేష్ పక్క ల్యాబ్‌లోనే పరిశోధన చేస్తాడు. వారం కింద టీ తాగుతూ, "నీ ఉన్ని ఏ ఊరిదే?" అని నవ్వుతూ అడిగాడు. ఊరికే అడుగుతాడా! ఈ పిచ్చిది దేవరకొండ పక్కన పల్లె పేరు, ఐలేశం పేరు, పొట్టేలు చెవికున్న పదిహేడో నంబరుతో సహా చెప్పేసింది. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

నల్లగొండలో ఆమెది మూడేళ్ల చాకిరీ. గొర్రె ఉన్నిని కరిగించి, పల్చటి పొరలా చేసి, దాని మీద చర్మకణాలు పెంచుతుంది. కాలిన గాయాలకు అదే కట్టుగా వాడాలని ఆశ. ఎన్ని ఊళ్ల ఉన్ని తెచ్చినా కణాలు రెండు రోజులకే చచ్చేవి. ఐలేశం పంపిన ఉన్ని మీద మాత్రం, అత్తగారింటికొచ్చిన కొత్తల్లుడిలా తిష్ఠ వేసి మరీ పెరిగాయి. పరీక్ష చేయిస్తే అందులో ఏ గొర్రె ఉన్నిలోనూ కనబడని చక్కెర పదార్థమొకటి బయటపడింది. ఇలాంటి జీవం ఇంకెక్కడా లేదని నిహారిక ఢిల్లీకి రాసేసింది కూడా.

రేపు అక్కడి పెద్ద సైంటిస్టులు ఆ పొట్టేలును కళ్లారా చూడటానికి వస్తున్నారు. చూపిస్తేనే ప్రాజెక్టు. లేదంటే మూడేళ్లూ మట్టిలో కలిసినట్టే.

ఐలేశం మందలో మిగతావన్నీ ఉన్ని లేని నెల్లూరు జాతి. నల్ల ఉన్ని ఉన్నది ఆ ఒక్క పొట్టేలుకే. నిరుడు తనే దాని చెవికి బిళ్ల కొట్టించింది. నెలనెలా దాని ఉన్నే పంపుతానని ఐలేశంతో కాయితం మీద సంతకం కూడా పెట్టించుకుంది.

మధ్యాహ్నానికల్లా ఎస్సై వెంకటేశ్‌ను వెంటబెట్టుకుని ఐలేశం వాకిట్లో దిగింది.

"ఎప్పుడు పోయిందయ్యా?" అడిగాడు ఎస్సై.

ఐలేశం తల గోక్కున్నాడు. "యాది లేదు సార్. పోయింది, గంతే."

"యాది లేకపోవుడేంది? నిన్ననా, మొన్ననా?"

"పోతే పోయింది సార్. జీవాలన్నంక పోతుంటయి. గిప్పుడు కేసెందుకు?"

నిహారికకు ఒళ్లు మండిపోయింది. "నీకేం అన్నా, పోతే పోయిందంటవు! నా బతుకేం గావాలె? దాని ఉన్నిల ఉన్న చక్కెర ఇంకో గొర్రెకు లేదు!"

అరుగు మీద కూర్చున్న ఐలేశం తల్లి గుర్వమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఉన్నిల చక్కెరేంది బిడ్డా!"

"నీకు తెల్వదవ్వా. సార్, నరేష్ పేరు రాసుకోండి. వాడే తీసుకపోయిండు."

ఎస్సై ఫోన్ తీశాడు. "ల్యాబ్‌కాడనే ఉంటడు నరేష్ అని. పట్టుకొని జీపెక్కియ్యున్రి."

గుర్వమ్మ దిగ్గున లేచింది. "ఆగు సారూ! పాపం, గా పిల్లగాన్ని ఎందుకు పట్టుకపోతరు? ఏమ్రా ఐలేశం, నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

ఐలేశం నేలచూపులు చూశాడు. "తప్పయింది మేడం. గది బీరప్పకు మొక్కిన పొట్టేలు. మీరు బిళ్ల కొట్టిచ్చిన వారానికే పండుగొచ్చింది. కోసుకొని తిన్నం. సంతకం బెట్టినగద, చెప్పనీకె భయమైంది."

నిహారిక వేళ్ల మీద లెక్కేసుకుంది. వారం... అంటే మొదటి ఉన్ని పొట్లం రాకముందే!

"మరి ఏడాది సంది నాకు పంపిన ఉన్ని యాడిదన్నా?"

గుర్వమ్మే అందుకుంది.

"వీని పాత గొంగడి దారాలు పీకి, నేనే దువ్వి పంపిన బిడ్డా. చక్కెర గిక్కెర నాకెర్క లేదు గని, బిర్రుగుంటదని గొంగడికి చింతగింజల గంజైతే మస్తుగ పట్టిచ్చిన."