కుర్చీకి బదులు

"ఇది తరిమినట్టు లేదమ్మా. టీ చల్లారిపోతోంది, రండి అని పిలిచినట్టుంది," అన్నాడు పాట నేర్పే ట్రసెల్ మాస్టారు, పియానో మీద తల ఆనించి.

చర్చి హాల్లో ఎవరూ నవ్వలేదు. అందరూ అలిసిపోయి ఉన్నారు.

దీపం ఆర్పి పడవలు ముంచాడని ఒక లైట్‌హౌస్ కాపలాదారుణ్ణి ఊరంతా కలిసి వెళ్లగొట్టే ఒపేరా అది. వెళ్లగొట్టే గుంపుగా పాడేది ఈ సముద్రపుటూరి వాళ్లే. కాపలాదారు వేషం వేసే గాయకుడు లండన్ నుంచి చివరి వారంలో గానీ దిగడు. అందాకా ఆయన చోట ఒక కుర్చీ వేశారు.

"కుర్చీని ఎంతకని తిడతాం?" అంది చేపల కొట్టు మిసెస్ క్యాచ్‌పోల్.

ట్రసెల్ ఈ ఊరికి కొత్త. రేపటికి కుదరకపోతే ఆ ఘట్టమే తీసేస్తానని చెప్పి అందర్నీ పంపేశాడు.

వేషాలకు బట్టలు కుట్టే మేబెల్ మాత్రం ఆగింది. కుర్చీకి బదులు తన భర్త రూబెన్‌ని నిలబెట్టమని అడిగింది. యుద్ధం అయ్యాక ఇంటికొచ్చిన నాటి నుంచి అతను నలుగురిలోకి రాలేదనీ, ఒక్కసారి ఈ హాల్లో మనుషుల మధ్య నిలబడితే తనకదే చాలనీ చెప్పింది.

"పాడగలడా?"

"పాడక్కర్లేదుగా. నిలబడతాడు."

ఇంట్లో రూబెన్ బంగాళాదుంపల తొక్కు తీస్తున్నాడు. విషయం విని కత్తి పక్కన పెట్టాడు.

"వాళ్లందరూ నన్నే చూస్తారు, మేబ్."

"చూడనీ. నాకిక ఓపిక లేదు, రూబెన్."

మర్నాడు సాయంత్రం కుర్చీ తీసేసి రూబెన్ నిలబడ్డాడు. ట్రసెల్ పియానో వాయించడం మొదలెట్టాడు. గుంపు పాడిన మొదటి మాటకే కిటికీ అద్దాలు అదిరాయి. మిసెస్ క్యాచ్‌పోల్ వరస దాటి ముందుకొచ్చింది. కన్నీళ్లు ధారలు కడుతుంటే, "పో, మా ఊళ్లోంచి పో" అని రూబెన్ ముఖానికెదురుగా పాడింది. పాట అయిపోయినా ఎవరూ కదల్లేదు.

ట్రసెల్ పొంగిపోయాడు. రోజూ రమ్మని రూబెన్‌ని బతిమాలాడు.

తిరిగొచ్చే దారిలో మేబెల్ భర్త చెయ్యి పట్టుకుంది.

"రేపు మానేద్దామా?" అంది.

"లేదు, వెళ్దాం," అన్నాడు రూబెన్.

తుపాకీ పట్టనని యుద్ధమంతా జైల్లో గడిపి వచ్చిన అతనితో, ఆ యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న ఊరు నోరు విప్పి మాట్లాడటం అదే మొదటిసారి.