అడ్వాన్సు లేని ఆఫీసు

"తలుపు తట్టి రావడం తెలియదా?" నవనీత అరిచింది.

లోపలికి రాబోయిన పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. చొక్కాకు విజిటర్ స్టిక్కర్. చేతిలో హెల్మెట్.

పొద్దుటి నుంచీ ఆమెకు ఒళ్లు మండుతోంది. కొండాపూర్‌లో చిన్న కంపెనీలకు గదులు అద్దెకిచ్చే ఓ కోవర్కింగ్ సెంటర్లో ఒక చిన్న కేబినే ఆమె కంపెనీ. ఫ్లోర్ మొత్తం ఏదో విదేశీ సంస్థకు ఇచ్చేస్తున్నామని, చిన్న కంపెనీలన్నీ శుక్రవారంలోగా ఖాళీ చేయాలని మెయిల్ వచ్చింది. సోమవారం క్లయింట్ వస్తున్నాడు. ఆఫీసు లేకపోతే కాంట్రాక్టు లేదు. కాంట్రాక్టు లేకపోతే కంపెనీయే లేదు.

రిసెప్షన్లో అరిచి వచ్చింది. లాభం లేదు. వార్త పొక్కగానే బ్రోకర్లు మాత్రం ఈగల్లా ముసిరారు.

"నా పేరు యాదయ్య. జర కూసోవచ్చా అమ్మా?"

"నిలబడే చెప్పండి. ఎక్కడ? మీ కమీషనెంత?"

"కమీషనేంది! మణికొండల నా సొంతిల్లు. కింద పోర్షన్ ఖాళీగుంది. బల్లలు, కుర్చీలు, నెట్టు అన్నీ ఉన్నయ్. రేపే రండ్రి."

"అడ్వాన్సు?"

"వద్దు."

"అద్దె?"

"ఫికర్ చెయ్యకు. నిలదొక్కుకున్నంక చూద్దాం."

అడ్వాన్సు వద్దనే ఓనరు ఈ ఊళ్లోనా? నవనీత కుర్చీలోంచి లేచింది.

"టోపీ పెట్టడానికి నేనే దొరికానా? ఎన్నాళ్లుగా ఈ వ్యాపారం?"

"మస్తు ఏండ్లయింది బిడ్డా. జిరాక్స్ షాపుల రెండు బల్లలేసి కిరాయికిచ్చుడు మొదలువెట్టిన."

"ఇన్నేళ్లయినా బ్రోకరుగానే మిగిలారా? మీ నిజాయితీ తెలుస్తూనే ఉంది. మా ఏడుపే మీకు పండగ. నడవండి బయటికి!"

ఆయన హెల్మెట్ చంకలో పెట్టుకున్నాడు.

"నీ కోపంల తప్పు లేదు తల్లీ," అని వెనుదిరిగాడు.

అద్దాల తలుపు అదిరేలా మూసింది నవనీత.

సాయంత్రం పక్క కేబిన్ ప్రేమ్ కుమార్ ఈల వేస్తూ అట్టపెట్టెలు సర్దుతున్నాడు.

"మాకు చోటు దొరికిందండీ! మణికొండలో."

"యాదయ్య ఇల్లా? జాగ్రత్త, మోసగాడు. నేను గెంటేశాను."

ప్రేమ్ కుమార్ చేతిలోని అట్టపెట్టె కింద పెట్టేశాడు.

"గెంటేశారా? రిసెప్షన్లో మీ అరుపులు విని ముందు మీ దగ్గరికే వచ్చారండీ. అక్కడ ఒక్క కంపెనీకే చోటుంది. ఆమె వద్దంది, మీరు రండన్నారు."

"అసలెవరాయన?" నవనీత గొంతులో ఇంకా కోపమే.

"మీరు కొత్తవారు, ఎరగరు. ఈ సెంటర్లన్నీ ఒక్కొక్కటిగా కట్టుకొచ్చింది ఆయనే. మనల్ని ఖాళీ చేయించడానికి ఒప్పుకోనన్నందుకు, ఇందులో డబ్బు పెట్టిన ఇన్వెస్టర్లు నిన్న ముందు ఆయన్నే ఖాళీ చేయించారు."