ఆలస్యానికి కారణం

రక్తపు గడ్డ ఒక్క లాగుకే బయటికి వచ్చింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టాన్ని మెదడు వెనుక భాగం దాకా పంపి తీశారు. తెర మీద రక్తం మళ్ళీ కొమ్మకొమ్మకూ పారింది. రిజిస్టరులో ‘విజయవంతం’ అని రాశారు.

అది జరిగి పన్నెండు రోజులు. రోగి కళ్ళు తప్ప మరేదీ కదపలేడు. ఆ కళ్ళైనా పక్కలకు తిరగవు. పైకి చూస్తే అవును. కిందికి చూస్తే కాదు.

పెద్ద డాక్టరు కాగితాల అట్టతో వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మంచానికి అటు తల్లి, ఇటు భార్య.

“కోలుకోవడం దేని మీద ఆధారపడుతుందో ఇందులో ఉందమ్మా,” అన్నాడు భార్యతో. “వయసు నలభై తొమ్మిది, మంచిదే. షుగరు లేదు. గుండె గట్టిది. అన్నీ ఆయన పక్షమే, ఒక్క సమయం తప్ప. తల తిరగడం ఎప్పుడు మొదలైంది?”

“ఎనిమిదీ నలభైకి.”

“మొదటి ఆసుపత్రికి?”

“తొమ్మిదీ అయిదుకి. గోడ పట్టుకుని నడిచే వచ్చారు.”

“మా దగ్గరికి తెచ్చేసరికి మూడు. అప్పటికే స్పృహ లేదు. ఆరు గంటలు ఏం చేశారు అక్కడ?”

“కుర్చీలో కూర్చోబెట్టారు. నవ్వమన్నారు, చేతులెత్తమన్నారు, ఒక వాక్యం చెప్పమన్నారు. ఈయన మూడూ చేశారు. నవ్వమంటే, ‘పెళ్ళి ఫొటోకి కూడా ఇంత బతిమాలలేదు’ అన్నారు.”

డాక్టరు నవ్వలేదు. “గడ్డ ముందు భాగంలో ఉంటే ఆ పరీక్షలకు దొరుకుతుంది. వెనుక ఉంటే చాలాసార్లు దొరకదు. తల తిరుగుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది. ఆ పనిలో ఉన్నవాళ్ళకి ఆ మాత్రం తెలియదా?”

“తెలియకేం నాయనా!” తల్లి అందుకుంది. “ఆ మహాతల్లికి ఇరవై రెండేళ్ళ అనుభవం. వాంతి మాత్ర చేతిలో పెట్టి కాస్త ఓపిక పట్టమందిట. పట్టాడు. ఇదిగో, ఇంకా పడుతూనే ఉన్నాడు.”

భార్య రోగి గడ్డం మీదికి జారిన చొంగ తుడిచి, గుడ్డ మడత మార్చింది.

“మీరు అక్కడే ఉన్నారా?” డాక్టరు అడిగాడు.

“ఉన్నాను.”

“ఉండి? ముందు ఈయన్ని చూడమని నోరు తెరిచి అడగలేకపోయారా?”

“వరుసలో పదిహేడు మంది ఉన్నారు. మనవాడని ముందుకు తోస్తే బాగుండదనుకున్నాను.”

“మా కోడలికి మర్యాద అంటే ప్రాణం డాక్టరుగారూ,” అంది తల్లి. “పోయేది తన ప్రాణం కాదు కదా!”

డాక్టరు అట్టలోంచి ఇంకో పత్రం లాగాడు. “ఇది ఆ ఆసుపత్రి మీద ఫిర్యాదు. అలాంటి నర్సు, ఎవరిని ముందు చూడాలో తేల్చే ఆ బల్ల వెనుక ఇంకొక్క రోజు కూర్చోకూడదు. నేను సంతకం పెడతాను. నాకు పేరు కావాలి.”

రోగి మీదికి వంగాడు. “మిమ్మల్ని కూర్చోబెట్టిన ఆవిడ గుర్తుందా?”

కళ్ళు పైకి వెళ్ళాయి.

“పేరు రాయించమంటారా?”

కళ్ళు కిందికి దిగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి.

“జాలి పడాల్సింది ఆవిడ మీద కాదండీ,” అన్నాడు డాక్టరు, నిటారుగా కూర్చుంటూ.

“ఈయన లేస్తారా?” భార్య అడిగింది.

“లేవరమ్మా. మీ దగ్గర దాచి లాభం లేదు. మొదటి గంటలో పంపి ఉంటే, తన కాళ్ళ మీద ఇంటికి వెళ్ళేవారేమో.”

ఆమె గుడ్డను పక్కన పెట్టింది. చెయ్యి చాపి పెన్ను తీసుకుంది. పత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివింది.

‘ఆ సమయంలో విధుల్లో ఉన్న నర్సు’ అన్న గడిలో తన పేరూ, దాని కింద తన ఉద్యోగి సంఖ్యా రాసి ఇచ్చింది.