రెండో ప్రశ్న

కొడుకు ఒప్పుకుంటాడు. ఆ విషయంలో హనుమంతరావుకు ఆవగింజంత అనుమానం కూడా లేదు.

పోచమ్మ తల్లి వెండి కిరీటం మాయమై రెండు రోజులైంది. కోరుట్ల పోలీసులంతా సకల జనుల సమ్మె బందోబస్తులో ఉన్నారు కాబట్టి ఊరే పంచాయితీకి కూర్చుంది. ఎక్కడ? తెలంగాణ కోసం హనుమంతరావు రిలే నిరాహార దీక్ష చేస్తున్న టెంటు ముందే. కడుపునిండా ఇడ్లీలు తిని, మెడలో బంతిపూల దండ వేసుకుని, ఇంటి నుంచి తెప్పించుకున్న బాలీసు దిండుకు ఒరిగాడు ఆయనగారు. తాను చేసిన దొంగతనానికి తానే పెద్దమనిషి. సిగ్గన్నది ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు.

అవును, కిరీటం తీసింది ఆయనే. సిరిసిల్లలో కరిగించే మనిషిని కూడా మాట్లాడుకున్నాడు. అందాకా ఇళ్లన్నీ వెతికినా దొరకని చోట దాచాడు. ఇక కావలసింది ఒక దొంగ. దొంగను ఆయన ఇంట్లోనే పెంచాడు.

సాకేత్‌రావు జగిత్యాలలో బడిపంతులు. ముప్పై నాలుగేళ్లుంటాయి. సమ్మెతో బడి మూతపడి ఇంటికొచ్చాడు. చిన్నప్పుడు ఇంట్లో గ్లాసు పగిలినా, గడియారం కనబడకపోయినా తండ్రి బెల్టు తీసేవాడు. "ఎవడు?" అనగానే, చేసినా చేయకపోయినా "నేనే" అనేవాడు పిల్లవాడు. దాన్ని క్రమశిక్షణ అని నలుగురిలో చెప్పుకుని మీసం తిప్పాడు హనుమంతరావు. ఇప్పటికీ కొడుకు ఆయన మొహంలోకి చూడడు, చేతుల వంకే చూస్తాడు. భయమంటే అట్లా ఉండాలని ఆయన మురిసిపోతాడు. కొడుకు ఉద్యోగం పోతుందన్న ఆలోచన రాకపోలేదు. పోతే పోనీ అనుకున్నాడు.

"గుడి తాళంచెయ్యి మీ ఇంట్లనే ఉండె గదా దొరా," అంది గుడి ఊడ్చే లక్ష్మవ్వ.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు హనుమంతరావు గొంతు పెంచాడు. "సాకేత్, ఎవడు తీసిండురా?"

కొడుకు భుజాలు ముడుచుకుపోయాయి. "నేనే తీసిన బాపు."

జనంలో గుసగుసలు లేచాయి. హనుమంతరావు కన్నీళ్లు తుడుచుకోవడానికి కండువా ఎత్తాడు. కన్నీళ్లు రాలేదు కానీ, ఎత్తడం మాత్రం బాగా కుదిరింది.

"యాడ పెట్టినవ్ సారూ?" అని అడిగాడు పంచాయితీలో మరో పెద్దమనిషి పోశం.

హనుమంతరావు లోలోపల నవ్వుకున్నాడు. ఈ రెండో ప్రశ్నకు వాడికి ఎన్నడూ నోరు పెగలలేదు. "చెప్పురా," అన్నాడు ధీమాగా.

సాకేత్ భుజాలు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. చూపు తండ్రి చేతుల మీదే ఉంది.

"నేనే అంటే దెబ్బలు ఆగేటియి బాపు. యాడ పెట్టినవంటే చెప్పరాక మళ్ల పడేటియి. గందుకే ఏడేండ్లప్పటి సంది మీ చేతులు ఏం తీస్తున్నయో, యాడ పెడుతున్నయో సూసుకుంటనే పెరిగిన. గా బాలీసుల ఉన్నది, మొన్న మీరే పెట్టి కుట్టిండ్రు."