తొడుగు లేని చెయ్యి

ఇప్పుడు షటిల్ ఎవరూ నేర్చుకోరు. చేతికి మర తొడుగు వేసుకుంటే అదే ఆడేస్తుంది. నా ఒంటికి తొడుగు పడదు, దద్దుర్లొస్తాయి. కిందటేడు మా అపార్ట్‌మెంట్ లీగులో చేరబోతే కెప్టెన్ ఫణీంద్ర అందరి ముందూ పళ్లికిలించాడు.

"ఉత్త చేత్తో ఏం ఆడతారండీ? పక్కన నిలబడి కాక్‌లు ఏరిపెట్టండి చాలు."

ఏరాను. ఇంటికెళ్లే ముందు రోజూ సెల్లార్ గోడకేసి కాక్ కొట్టాను, ప్రతి దెబ్బకీ అతని మొహమే తలుచుకుంటూ.

ఈ ఏడు మళ్లీ పేరిచ్చాను. కొత్తవాళ్లతో మొదటి ఆట కెప్టెనే ఆడాలి, అదీ వాళ్లు కోరిన పద్ధతిలో. అది మా లీగు ఆనవాయితీ.

"అయితే తొడుగు తియ్యండి," అన్నాను.

నవ్వుతూనే తీశాడు. లోపలి చెయ్యి పాలిపోయి, పుల్లలా ఉంది. అందరూ బాగా చూడాలని నేను కావాలనే మెల్లగా, ఎత్తుగా వేశాను. అతని రాకెట్ గాలిని కొట్టింది. మళ్లీ గాలినే. ప్రతిసారీ వంగి కాక్ ఏరి నాకు విసిరాడు. గేము అయ్యేసరికి చూసేవాళ్లు నవ్వడం కూడా మానేశారు.

"ఇక చాలండీ," అంటూ తొడుగు అందుకోబోయాడు.

"అప్పుడేనా? ఇంకో గేముంది," అన్నాను. "ఆ కాక్ ఇలా ఇవ్వండి."