నాయన గ్రాఫ్

ఫోన్‌లో షుగర్ గీత మళ్లీ పైకి పోతోంది. రెండు వందల నలభై. ఇంకా ఎక్కుతోంది.

బెంగళూరు కుందలహళ్ళిలోని ఆఫీసులో మీటింగు మధ్యలోనే లేచి అర్పిత బయటికొచ్చేసింది. మేనేజరు ఏమనుకుంటే అనుకోనీ. అక్కడ యలహంకలో, ఇంట్లో కూర్చుని, కన్నతండ్రే తన కళ్లుగప్పుతున్నాడు. ఈరోజు చేతికి చిక్కాల్సిందే. క్యాబ్ ఎక్కింది.

అశ్వత్థప్ప జీవితమంతా సిటీ బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు కుడికాలి బొటనవేలికి పుండు. ఎంతకీ మానడం లేదు. షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి అర్పితకు కంటిమీద కునుకు లేదు.

అన్నం, రాగిముద్ద, చపాతీ, అన్నీ మాన్పించింది. భయంకొద్దీ నెయ్యీ నూనె కూడా మాన్పించి, ఉడకబెట్టిన చికెన్, గుడ్డులో తెల్లసొన మాత్రమే పెట్టింది. మనిషి నీరుగారిపోయాడు. డైటీషియన్ గట్టిగానే మందలించింది.

"పిండిపదార్థాలు తగ్గిస్తే ఒంటికి శక్తి కొవ్వు నుంచి రావాలి కదమ్మా. ప్రొటీన్ మరీ ఎక్కువైతే అందులో కొంత షుగర్‌గానే మారుతుంది. రెండూ తూకంలో ఉండాలి."

అప్పటి నుంచి మొత్తం గుడ్డు, అరచేయంత పనీరు, నెయ్యి వేసిన ఆకుకూర, గుప్పెడు పల్లీలు. గీత చదునైంది. అర్పిత ప్రాణం కుదుటపడింది.

ఆ గీత వచ్చేది చేతికి అంటించే సెన్సర్ నుంచి. రూపాయి బిళ్లంత ఉంటుంది. అది పంపే అంకెలన్నీ అర్పిత ఫోన్‌లో కనిపిస్తాయి. రెండు వారాలకోసారి పాతది తీసి కొత్తది అంటించాలి. ఆ పని తల్లి అక్కయమ్మ నేర్చుకుంది.

"దురద పెడతా ఉండాది, తీసేస్తా" అని అశ్వత్థప్ప మొదట్లో గొణిగాడు. అర్పిత ఒప్పుకోలేదు.

"ఈ గీత ఒక్క రోజు ఆగినా నా మీద ఒట్టే!"

ఒక్కగానొక్క బిడ్డ. ఆ ఒట్టుతో మొగుడూ పెళ్లాల నోళ్లు రెండూ మూతపడ్డాయి.

గీత ఒక్క రోజూ ఆగలేదు. కానీ ఈమధ్య పిచ్చెక్కినట్టు లేస్తోంది. అర్పిత పనీరు తగ్గించి నెయ్యి పెంచింది. నెయ్యి తగ్గించి గుడ్డు పెంచింది. ఏం చేసినా అది మాట వినలేదు. డాక్టరు మాత్రల డోసు పెంచాడు. అయినా అంతే. ఈ ఉదయం గ్రాఫ్ చూసి, "ఇక లాభం లేదు, ఇవాళే ఇన్సులిన్ మొదలుపెట్టండి" అన్నాడు. ఇన్సులిన్ పెన్ను ఆమె బ్యాగులోనే ఉంది.

తన దగ్గరున్న తాళంచెవితో చప్పుడు కాకుండా తలుపు తీసింది. స్వెట్టరు వేసుకుని అశ్వత్థప్ప కంచం ముందు కూర్చుని ఉన్నాడు. కంచంలో గుడ్డు, పనీరు, ఆకుకూర. ఇంకేమీ లేదు.

అర్పిత నేరుగా వంటింట్లోకి పోయింది. పొయ్యి పక్కన గిన్నె. మూత తీస్తే రాగిముద్ద. సగం అయిపోయి ఉంది.

"ఇది ఎవరు తిన్నారు?"

"నేనే పాపా" అంది అక్కయమ్మ, స్వెట్టరు సర్దుకుంటూ. "ఏం, నేను గూడా గుడ్లు తిని బతకాల్నా?"

చెంబెడు నీళ్లు గటగటా తాగి, మళ్లీ నింపుకుంది. అబద్ధం ఆడితే గొంతు ఎండదా మరి, అనుకుంది అర్పిత. ఈ దొంగతనంలో తల్లికీ వాటా ఉందన్నమాట.

"నాయనా, నిజం చెప్పు. పొద్దున్నే ముద్ద తిన్నావు కదా?"

"తిన్లేదు పాపా."

"మరి ఈ షుగర్ ఆకాశం నుంచి ఊడిపడిందా?"

ఫోను తండ్రి ముఖం ముందు పెట్టింది. అశ్వత్థప్ప నుదుటి మీద చెమటలు. ఫ్యాను కూడా అక్కర్లేని చలిలో, దొరికిపోయిన దొంగకు పట్టినట్టు ధారగా కారుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి.

"ఒళ్లు తేలిపోతా ఉండాది పాపా. నాలుగు దినాల నుంచి ఇట్లే. రవ్వంత బెల్లం ముక్క ఇయ్యి, సాలు."

"బెల్లమా?" అర్పిత అరిచింది. "సిగ్గు లేదా నాయనా? ముద్ద చాలక బెల్లం కూడా కావాలా? వేలు పోతుంది. తర్వాత పాదం పోతుంది. అప్పుడు నిన్ను చూసి నేను ఏడవాలా?"

ఆ మాట అంటుండగానే ఏడుపు వచ్చేసింది. కోపం కాదు అది. భయం. ముక్కు తుడుచుకుని బ్యాగులోంచి పెన్ను తీసింది. సూది బిగించింది. డాక్టరు చెప్పిన అంకె దగ్గరికి తిప్పింది.

"చొక్కా ఎత్తు."

అశ్వత్థప్ప భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆయన వణికే చేత్తోనే స్వెట్టరూ చొక్కా పైకి ఎత్తి, పొట్ట చూపించాడు. చెప్పిన మాట వినే చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకున్నాడు.

సూది చర్మాన్ని తాకబోయింది.

అక్కయమ్మ చెంబు వదిలేసి ఒక్క ఉదుటున వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది.

"ఆయప్పను ఊరికే తిట్టొద్దు పాపా, దురదకు రేయంతా నిద్రల్యాక అల్లాడతా ఉంటే సూడలేక, ఈ తూరి కొత్త బిళ్ల నేనే నా చేతికి అంటించుకున్నా."