బాణం గుర్తు

జనగామ బస్టాండులో బస్సు కదులుతుండగా ఒకాయన పరుగెత్తుకొచ్చి ఎక్కాడు.

నలిగిన చొక్కా. కాళ్లకు చెప్పుల్లేవు. ఖాళీ సీట్లు బోలెడున్నా సరాసరి స్పందన దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

ఆమె పక్క సీట్లో ఇప్పుడే షాపులో కొన్న కొత్త కంప్యూటర్ ఉంది. అట్టపెట్టె మీది బాణం గుర్తు పైకి ఉండేలా నిలబెట్టి, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

రేపు పొద్దున తొమ్మిదింటికి, బచ్చన్నపేటలోని తన ఇంటి నుంచే కొత్త ఉద్యోగం మొదలు. వీడియోలు ఎడిట్ చేయాలి. కంప్యూటర్ నడవకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"బిడ్డా, జర దాన్ని పండబెట్టు," అన్నాడాయన.

"బాణం పైకే ఉండాలె. కనవడ్తలేదా?"

"ఆ బాణం ఉత్త డబ్బకు. లోపట చిప్పును సల్లవెట్టే కిలన్నర కూలర్ ఉంది. గిట్ల నిలబెడితే బోర్డుకు అడ్డంగ ఏలాడుతది. గుంతలల్ల ఊడొస్తది. పండబెడితే బోర్డు మీద కుదురుగ కూసుంటది."

లోపల ఏముందో ఇతనికెలా తెలుసు? పెట్టె మీద కూలర్ అన్న మాటే లేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

"నీకెట్ల ఎరుక?"

"షాపు కాడ చూసిన బిడ్డా..."

"అంటే షాపు కాడికెల్లి నా ఎంబడి పడ్డవా?"

అంతలో బస్సు గుంతలో దిగింది. ఆయన చటుక్కున పెట్టె పట్టుకుని పడుకోబెట్టబోయాడు.

"చెయ్యి తియ్యి! కండక్టరక్కా, జర చూడు! గీయనెవరో నా పెట్టె గుంజుకుంటుండు!"

బస్సంతా ఇటు తిరిగింది. కండక్టర్ మనోరమ వచ్చింది.

"టికెటేది?"

ఆయన జేబులు తడుముకున్నాడు. పర్సు లేదు, ఫోనూ లేదు. కంగారులో తెలుగు తప్పి తండాలో మాట్లాడే లంబాడీ మాటలు వచ్చాయి. ఒక్కరికీ అర్థం కాలేదు.

బస్సు ఆపమని విజిల్ మోగింది.

దిగుతూ కూడా ఆయన అరచేతిని అడ్డంగా చాపి, పండబెట్టమని సైగ చేశాడు.

స్పందన పెట్టెను మళ్లీ నిటారుగా నిలబెట్టి గట్టిగా పట్టుకుంది. ఊరు చేరేదాకా గుంతలే గుంతలు.

ఇంటికి రాగానే బటన్ నొక్కింది. కంప్యూటర్ వెలిగింది. రెండు నిమిషాలకే ఆరిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఆరిపోయింది.

కంప్యూటర్ పక్క మూత విప్పి చూసింది. కూలర్ ఒరిగిపోయి ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది.

ఏడుపు ఆపుకుంటూ షాపుకు ఫోన్ చేసింది.

"పరేషాన్ గాకుండ్రి అక్కా," అన్నాడు కౌంటర్ దగ్గరుండే అజిత్. "గది బిగించింది మా గోప్యా కాక. ఆయన చెయ్యి వడితే నిమిషంల సరైతది."

"జర జల్ది పంపు తమ్మీ, నీకు దండం వెడ్త!"

"ఇంక పంపుడేంది అక్కా? మీరు పెట్టెను నిలబెట్టి పట్టుకపోతున్నరని, ఫోను గూడ ఈడ్నే ఇడ్సిపెట్టి, చెప్పుల్లేకుండ మీ బస్సెంబడే ఉరికిండు గద, ఇంక మీ కాడికి రాలేదా?"